ఏ జాగ్రత్తా వదల్లేదు

కళ్ళజోళ్ళ షాపాయన భార్యకు రొమ్ములో గడ్డ వచ్చింది. రొమ్మంతా తీయకుండా గడ్డ వరకే తీశారు. "ఇక మళ్ళీ రాకుండా చూసుకోవాలి" అంది డాక్టరమ్మ.

ఆ మాటతో ఇల్లు తలకిందులైంది. మైక్రోవేవ్ ఓవెన్ ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయింది. ప్లాస్టిక్ డబ్బాలు గడప దాటాయి. పంచదార పేరెత్తితే ఆవిడ కళ్ళెర్రజేసేది. పడగ్గదిలోకి సెల్‌ఫోన్లకు ప్రవేశం లేదు. ఎదురు మేడ మీద టవరుందని కిటికీ మూయించింది. ఈ జ్ఞానమంతా ఆవిడకు ఫోనులోనే వచ్చేది. అందుకని దాన్ని వరండాలో చూసేది.

ఆయన అన్నిటికీ సరేనన్నాడు. మనిషి దక్కితే చాలు, కాఫీ చప్పగా ఉన్నా తాగేస్తాననుకున్నాడు.

డాక్టరమ్మ రాసిన రేడియేషన్ చికిత్స ఊరి అవతల పెద్దాసుపత్రిలో. తోడొస్తానంటే ఆవిడ ససేమిరా అంది.

"షాపు మూసుకుని మీరెందుకండీ? ఆ కిరణాలు మీకూ తగలాలా?"

ఐదు వారాలు ఒక్కతే బస్సెక్కి వెళ్ళొచ్చింది. మిగతావాళ్ళు నీరసపడిపోతారట. ఈవిడ మాత్రం మొహం కళకళలాడుతూ, ఆకలేస్తోందంటూ వచ్చేది. "మా ఆవిడ గట్టి పిండం" అని ఆయన షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయాడు.

రెండేళ్ళకు సరిగ్గా అదే చోట మళ్ళీ గడ్డ తగిలింది.

డాక్టరమ్మకు అంతుపట్టలేదు. "అప్పుడు గడ్డ చుట్టూ అంచుల్లో కూడా ఏమీ మిగల్లేదే! మాత్రలు మానలేదు కదా?"

"ఒక్క పూట కూడా మానలేదండీ" అంది ఆవిడ.

ఆయన ఇక దాచుకోలేకపోయాడు.

"తప్పంతా నాదే డాక్టరుగారూ. చాటుగా ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి."

"చూశారా మీ నిర్వాకం!" ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

ఆయన తల దించుకున్నాడు. తన చేతులతో తనే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చానని కుమిలిపోయాడు.

"ఫోను వల్ల రాదండీ, బాధపడకండి" అంది డాక్టరమ్మ. "అది సరేగానీ, రేడియేషన్ కాగితాలు ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నారు, దొరికాయామ్మా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఎప్పటిలాగే ధీమాగా చెప్పింది: "ఫోను కిరణాలే పడనివ్వని దాన్ని, అంత పెద్ద మిషను కింద పడుకుంటానా డాక్టరుగారూ, ఆ ఐదు వారాలూ ఆసుపత్రి ఎదురుగా పార్కులో కూర్చుని వచ్చేశాను."