ఎవరి చేతి పని?

"ఎక్కడ కొన్నావు దీన్ని?"

శ్రీవాణి మేడమ్ విసిరిన ఇనప పలకలు రెండూ బల్ల మీద ఖంగుమని పడ్డాయి. వర్క్‌షాపులో ముప్పై ఆకురాళ్ళ రాపిడి ఒక్కసారిగా ఆగిపోయింది.

"కొనలేదండి. నేనే చేసేనండి," అంది రేచల్.

"అబద్ధాలాడకు. అమలాపురంలో ఏ లేత్ షాపుకి వెళ్ళినా ఇలాంటివి చేసిస్తారు. నాకు తెలీదనుకున్నావా?"

ఒక పలకకి 'వి' అక్షరంలా కోసుగా కోత, రెండోదానికి అందులో దిగే మొన. రెండూ కలిపి వెలుతురుకి ఎదురుగా పెడితే మధ్యలో వెంట్రుకంత సందు కనిపించకూడదు. రేచల్ తెచ్చినదాంట్లో కనిపించడం లేదు. అదే నేరమైపోయింది.

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"రాజోలులో వెల్డింగు షాపండి. గేట్లు చేస్తారు."

"అదీ సంగతి! నాన్న చేత చేయించి తెచ్చావు. ఆడపిల్లవి, మూడు వారాల్లో ఇంత పని నీ చేతికి వస్తుందా? సున్నా."

రేచల్ చెవులు వేడెక్కాయి. బీఎస్సీ అయ్యాక పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడులోకి వచ్చినవాళ్ళకి ఈ నెలరోజుల చేతిపని శిక్షణ తప్పనిసరి. ఇందులో తప్పితే పై క్లాసులో కూర్చోనివ్వరు. సెలవులన్నీ ఇనప రజను మధ్య గడిపిన పిల్లకి ఇందులోనే సున్నా!

మధ్యాహ్నం కేరేజీ విప్పుతూ పక్క బల్ల తేజ మొదలెట్టింది. "మీ నాన్నగారి పని అడిగి మరీ సున్నా వేసేరు చూశావా? మనం ఆవిడ కంటికి ఆనం. గోల్డు మెడలిస్టంట మరి!"

"మూడు వారాల్నించీ గోడ మీద వీడియో వేసి కర్రతో చూపిస్తన్నారు. అది చూసి నేర్చుకుంటే ఒప్పు, నాన్న దగ్గర నేర్చుకుంటే తప్పా? ప్రిన్సిపాల్‌గారికి రాసిచ్చేస్తాను."

"రాసిచ్చి ఏం చేస్తావే? మార్కులెయ్యాల్సింది ఆవిడే."

"ఎయ్యకపోతే పోనీ. మా నాన్న నన్ను దొంగలా పెంచలేదు."

కలం కాగితాన్ని చీల్చేలా రాసింది. సాయంత్రం నాలుగింటికి అందరూ బస్సుల వైపు వెళుతుంటే, తను ప్రిన్సిపాల్ గది వైపు నడిచింది. వర్క్‌షాపు గుమ్మంలో మేడమ్ ఎదురయ్యారు.

"ఏమిటది?"

"మీ మీద కంప్లయింటండి."

మేడమ్ కాగితం లాక్కుని చదివారు. ముఖం మాడిపోయింది. "నేనే చేశానంటావు. అయితే నా కళ్ళ ముందు చెయ్యి. ఒక్క అంచు చదును చేస్తే చాలు."

"ఆయ్, చేస్తానండి."

కొత్త పలకని వైసు దవడల మధ్య బిగించి, కోపమంతా ఆకురాయి మీద పెట్టి తోసింది. మేడమ్ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డారు.

"బరువు ఏ చేతి మీద వేస్తున్నావు?"

"ముందర ఎడం చేతి మీదండి. తోసేకొద్దీ కుడి చేతి మీదకి వస్తదండి."

"వెనక్కి తెచ్చేటప్పుడు ఎందుకెత్తావు?"

"రాసుకుంటే ఆకురాయి పళ్ళు అరిగిపోతాయండి. నాన్న చెప్పేరు. చేసివ్వలేదండి, చెప్పేరు."

"మళ్ళీ చెయ్యి. నెమ్మదిగా."

మూడుసార్లు చేయించారు. ఏడిపించడానికే అనుకుంది రేచల్. ఏడవలేదు. పని ముగించి, అంచు మీద మూలమట్టం పెట్టి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. సందు లేదు.

మేడమ్ మార్కుల పుస్తకంలో సున్నా కొట్టేసి, ఇరవైకి ఇరవై వేసి, సంతకం పెట్టారు.

"పొద్దున్న అందరి ముందూ అన్నారండి," అంది రేచల్. "నా పని నేనే చేశానని రేపు అందరి ముందూ చెప్పాలండి."

"చెప్తాను."

అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. మిగిలిన కోపం ఏం చేసుకోవాలో తెలియక సంచీ భుజాన వేసుకుంది.

"ఉండు," అన్నారు మేడమ్. వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. గాజులు పైకి తోసుకుని, వైసు ముందు నిలబడి, ఆకురాయి అందుకున్నారు.

"ఇంతవరకూ నేను దీన్ని పట్టుకోలేదు, నేర్పు."