బొమ్మరైలు వేగం

“సున్నా!” అని అరిచాడు శ్యామ్‌సుందర్ సార్. “రౌండు రెండు వందల ఇరవై మీటర్లు. రెండు నిమిషాలు పట్టింది. కానీ ఎక్కిన కాడికే వచ్చినం. డిస్‌ప్లేస్‌మెంట్ సున్నా, యావరేజ్ వెలాసిటీ సున్నా. సమజైందా?”

అబిడ్స్ నుంచి ఇంటర్ పిల్లల్ని నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తోలుకొచ్చి, బొమ్మరైల్లో కూర్చోబెట్టి పాఠం చెబుతున్నాడాయన. అంతటితో ఆగలేదు. ఇంజిన్ మీదున్న మొగులయ్యను వేలుపెట్టి చూపించాడు.

“గీయన్ను చూడున్రి. పద్దెనిమిదేండ్ల సంది తిప్పుతుండంట. ఎంత దూరం పోయిండు? ఏడికీ పోలే. చదువుకోకుంటే మీ బతుకు గూడ గింతే. సున్నా!”

పిల్లలు గొల్లుమన్నారు. చివరి పెట్టెలో పచ్చ చున్నీ పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది. మొగులయ్య వెనక్కి తిరిగి చూశాడు. నోట్లో ఊరిన చేదును పట్టాల పక్కన ఉమ్మేశాడు.

“ఇంకో రౌండు కొట్టు పెద్దమనిషీ, పిల్లలు రాసుకుంటరు.”

మొగులయ్య రైలు కదిలించాడు. సరిగ్గా సగం రౌండులో, ఎక్కే గేటుకు ఎదురుగా అవతలి కొసన, బ్రేకు వేశాడు.

“ఏందయ్యా, ఆపినవ్?”

“గిప్పుడు చెప్పు సార్. నిమిషమైంది. వేగమెంత?”

సార్‌కు ఒళ్లు మండింది. “సగం రౌండే గదా. నిమిషానికి నూట పది. నడువ్ ఇగ!”

“తప్పు.” మొగులయ్య కిందికి దిగాడు. “గేటు కాడికెళ్లి గీడిదాంక సీదా కరెంటు వైరు గుంజింది నేనే. డెబ్బై మీటర్లు పట్టింది. చుట్టు తిరిగింది లెక్కలకు రాదని ఇందాక నువ్వే జెప్తివి. నిమిషానికి డెబ్బై.”

పిల్లలు నోట్సులు తీశారు. లెక్క చూసుకున్నారు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. సార్ కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“నీకెవరు నేర్పిన్రు గిదంతా?”

“నా బిడ్డ. పొద్దుగాల లేచి బిగ్గరగ చదువుతది. తల్లి లేదు, రొట్టెలు నేనే కాలుస్త. కాల్చుకుంట వింట.”

“మంచిగనే చదువుతదైతే. ఏ కాలేజీ?”

మొగులయ్య ఇంజిన్ ఎక్కి కూర్చున్నాడు. ఈసారి వెనక్కి తిరగలేదు.

“మీదే సార్. ఇందాక నన్ను జూసి అందరికంటె గట్టిగ నవ్విందే, గా పిల్లనే.”