పదిహేడో పోర్టు

“ఆ ఫ్రెడ్డీ పనే అయ్యుంటదమ్మా. ప్యాకింగు కంప్యూటర్లో సినిమాలు చూస్తా ఉంటాడు,” అన్నాడు మేనేజర్ నరేంద్రబాబు. “నా ఫోన్లో వీడియో నిలకడగా రావడంలా, ముక్కలు ముక్కలుగా వస్తా ఉంది. సాయంత్రం ఫారిన్ వాళ్లతో మాట్లాడాల. షిఫ్టు మారేలోపల ఈ నెట్ సంగతేందో తేల్చు.”

“ఊరికే ఒకరి మీద నింద వెయ్యొద్దు సార్. కొలిచి చెప్తాను,” అంది తబస్సుమ్.

బోగోలు దగ్గరి ఆ రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు, నెట్ చూసుకునే ఉద్యోగంలో ఆమె కొత్తగా చేరింది. చేరిన రోజే నరేంద్రబాబు మీద గౌరవం కలిగింది. రొయ్యలు వలిచే ఆడవాళ్లు తడిబట్టలతోనే బస్సెక్కుతున్నారని, వాళ్లు బట్టలు మార్చుకోడానికి ప్రత్యేకంగా గది కట్టించాడాయన. తబస్సుమ్ కూడా బురఖా అక్కడే తీసి తగిలించేది.

ఆఫీసు నెట్ తీగలన్నీ వచ్చి చేరే స్విచ్ పెట్టె మంచిదే. తీగ గుచ్చే ఒక్కో పోర్టు గుండా ఎంత డేటా పోతోందో అడిగితే చెబుతుంది. ఇన్నాళ్లూ అడిగినవాళ్లే లేరు. తబస్సుమ్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి దానికి జతచేసింది. కాసేపట్లో ఒక్కో పోర్టుకూ ఒక్కో గీత తెరమీద పాకసాగింది.

ఫ్రెడ్డీ గీత నేలను కరుచుకునే ఉంది. పాపం, అతను సినిమాలేవీ చూడటంలేదు. భోజనాల బెల్లు కొట్టగానే పదిహేడో పోర్టు గీత మాత్రం నిట్టనిలువుగా లేచింది. అందరూ పనిలోకి పోగానే పడిపోయింది.

ఆ పోర్టుకు తగిలించి ఉన్నదేమిటో తెరమీదే చూసింది. కెమెరా.

ఫ్యాక్టరీ కెమెరాలన్నీ గేటు దగ్గరి వేరే స్విచ్‌లో ఉన్నాయి. మరి ఇదెక్కడిది?

తీగ వెంబడే నడిచింది. అది గోడ వెంట పాకి స్టోర్ గది పైకప్పులో దూరింది. ఆడవాళ్ల సూపర్‌వైజరు ఆదిశేషమ్మ స్టూలు పట్టుకుంటే, తబస్సుమ్ ఎక్కి సీలింగు పలక ఎత్తి టార్చి వేసింది. తీగ పక్కగదివైపు పోయి, అక్కడి సీలింగుకు బిగించిన తెల్లటి డబ్బా వెనక దూరింది.

“ఏందిమే, అట్టా బిగుసుకుపోయినావు?”

“అక్కా, పక్కగదిలో పైన తెల్లడబ్బా ఉందే, అదేంటి?”

“పొగ వస్తే మోగేది. మనం బట్టలు మార్చుకునే గదిలోది.”

“మోగేదానికి నెట్ తీగ ఎందుకక్కా?”

ఆదిశేషమ్మకు అర్థం కావడానికి క్షణం పట్టింది. చీరకొంగు రెండు చేతులతో గుండెలకు అదుముకుంది.

“నా కూతురు కూడా ఆడనే మార్చుకుంటదే! ఎవుడు? ఎవుడు పెట్టినాడు?”

తబస్సుమ్ తీగనూ డబ్బానూ ఫోన్లో ఫొటో తీసి దిగింది. అంతలో షిఫ్టు సైరన్ మోగింది. ఆడవాళ్లు నవ్వుకుంటూ, సంచులు ఊపుకుంటూ వస్తున్నారు. ఆదిశేషమ్మ పరుగున పోయి గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

“ఎవురూ లోపలికి పోబాకండి! అంతా ఆణ్ణే ఉండండి!”

తబస్సుమ్ ల్యాప్‌టాప్ తెరిచి పదిహేడో పోర్టు ఒక్కటే ఆపేసింది. మిగిలిన గీతలన్నీ మామూలుగానే కదులుతున్నాయి. ఆఫీసులో ఎవరి పనీ ఆగలేదు.

“పోలీసులకు చెప్దామా?” అడిగింది ఆదిశేషమ్మ.

“చెప్దాం అక్కా. ముందు సార్‌కి ఒక్క మాట చెప్తాను. ఆయన ఊరుకోరు.”

నంబరు నొక్కబోయేలోపే ఫోన్ మోగింది. నరేంద్రబాబే. అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది.

“ఏం చేసినావమ్మా, షిఫ్టు మారే టయానికే నా ఫోన్లో బొమ్మ పోయింది?”