శ్లాబు పడ్డాక చూసిన వాస్తు

కైకలూరులో ఇళ్ళన్నీ యంత్రాలే కట్టే రోజులవి. నాంచారమ్మ చేపల చెరువు దగ్గర నుంచి వచ్చేసరికి, నిన్ననే శ్లాబు పోసిన యంత్రం ఇవాళ ఆమె వంటగది గోడను పగలగొడుతోంది.

"ఆపు! ఏమొచ్చింది నీకు?"

"వంటగది ఈశాన్యంలో ఉందండి. నాకు తగిలించిన వాస్తు పరికరం ఒప్పుకోవట్లేదండి."

"ప్లాను నీ దగ్గరే ఉందిగా! పునాది తవ్వేటప్పుడు చూడలేదా?"

"ఆ పరికరం తన వంతు వచ్చాకే ప్లాను తెరుస్తుందండి. దాని వంతు శ్లాబు తర్వాతండి."

నాంచారమ్మకు ఒళ్ళు మండిపోయింది. వానాకాలమంతా పిల్లలతో రేకుల షెడ్డులో తలదాచుకున్నది ఈ గోడల కోసమే. కుర్చీ తెచ్చుకుని, పగిలిన గోడకు వీపానించి కూర్చుంది. మనిషి ఉన్నచోట యంత్రం సుత్తి ఎత్తదు.

సాయంత్రం కంపెనీ మనిషి వచ్చాడు. "ఆ పరికరం పీకేస్తాను, లేవండమ్మా."

"పీకమని ఎవరన్నారు? తప్పు పట్టుకోమనే అంటున్నా. గునపం దించకముందే పట్టుకోమను! అప్పుడైతే గీత మార్చుకునేదాన్ని. ఇప్పుడు గోడలు కూల్చుకోవాలా?"

అతను యంత్రంలో పనుల వరస మార్చి, వాస్తు పరికరం వంతు అన్నిటికన్నా ముందుకు తెచ్చాడు.

మర్నాడు పక్క స్థలంలో పునాదికి ముగ్గు పోయకముందే యంత్రం ఆ స్థలం యజమానిని అడిగింది: "వంటగది ఆగ్నేయానికి జరపమంటారాండి?"

"ఇంత చిన్న మాటకా నా గోడ పగలగొట్టింది!" అనుకుంటూ నాంచారమ్మ ఈశాన్యంలోనే పొయ్యి వెలిగించింది.