మేధావికి రాని లెక్క

మూడు బై ఎనిమిదికి ఒకటి బై ఆరు కలిపితే ఎంత?

గ్రేడీ టోబిన్ పెన్సిలు కొన కొరికాడు. పైకప్పుకేసి చూశాడు.

"నాలుగు బై పద్నాలుగు" అన్నాడు.

గదిలో ఉన్న మిగతా తొమ్మిదిమందీ ఒక్కసారిగా బల్లల మీద తలలు వాల్చేశారు.

బర్‌బ్యాంక్‌లో ఒక స్టూడియో. షూటింగ్ ఫ్లోర్ వెనకాల ఓ రేకుల గది. 'ఫస్ట్ బెంచ్' అనే హాస్య సీరియల్‌లో నటించే పిల్లలు రోజుకు మూడు గంటలు ఆ గదిలో నిజం చదువు చదవాలి. చట్టం అలా ఉంది. పావుగంట తగ్గినా అక్కడ పాఠాలు చెప్పే మిసెస్ ఓస్లర్ వెళ్ళి కెమెరాలు ఆపించేస్తుంది. నిర్మాతకి కూడా ఆవిడంటే హడలే.

సీరియల్ కథ మాత్రం మహా మేధావులైన హైస్కూలు పిల్లలదీ, వాళ్ళకి పాఠాలు చెప్పే మాస్టారిదీ.

తెర మీద గ్రేడీకి తెలియని విషయం లేదు. రాకెట్ ఎలా లేస్తుందో చెబుతాడు. లాటిన్‌లో జోకులేస్తాడు. ఏ డైలాగైనా ఒకసారి చదివితే నోటికొచ్చేస్తుంది. అర్థం మాత్రం కాదు. గ్రేడీలాంటి బుర్ర మా వాడికీ రావాలంటే ఏం తినిపించాలి అంటూ తల్లులు ఉత్తరాలు రాస్తారు. బీట్‌రూట్ అని ఒకావిడకి జవాబిచ్చాడు కూడా.

అసలు సంగతేమిటంటే అతను హైస్కూలు గట్టెక్కలేదు. నాటకాల వాళ్ళ వెంటపడి మధ్యలో మానేశాడు. ఆ రేకుల గదిలో వాళ్ళకి కాక ఈ రహస్యం తెలిసింది ఒక్క వాళ్ళమ్మకే. ఆవిడ ఆదివారం ఆదివారం బేకర్స్‌ఫీల్డ్ నుంచి ఫోన్ చేస్తుంది.

"మీ అక్కలిద్దరి సర్టిఫికెట్లూ గోడకున్నాయి. మూడో మేకు ఖాళీగా ఉందిరా."

"టీవీలో కనిపిస్తున్నా కదమ్మా."

"టీవీని మేకుకి తగిలించలేను కదా."

అందుకే ప్రభుత్వం పెట్టే హైస్కూలు పరీక్షకి దరఖాస్తు పెట్టాడు. ఇంగ్లిష్ ఫరవాలేదు. చరిత్ర బట్టీ కొట్టేస్తాడు. పీకల మీదికి వచ్చింది లెక్కలే.

"నాకొదిలేయండి" అంది నోరీన్ టకెడా. సీరియల్‌లో ఎప్పుడూ కవిత్వం రాసుకుంటూ లెక్కలంటే ఏడ్చే పాత్ర ఆ పిల్లది. నిజానికి లెక్కల్లో పిడుగు. వయసు పదిహేను.

ఆ గదిలో మిసెస్ ఓస్లర్ పెట్టిన నియమం ఒకటుంది. టైటిల్స్‌లో ఎవరి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడినా సరే, గడప దాటి లోపలికొస్తే అందరూ 'నువ్వే'. నోరీన్ దాన్ని తుచ తప్పకుండా పాటించింది.

"గ్రేడీ, ఇటు చూడు. భిన్నాలు కరవవు. నువ్వే వాటిని కరుస్తున్నావు."

క్యాంటీన్ నుంచి 'నిమ్మకాయ పై' అనే గుండ్రటి తీపి వంటకం తెప్పించింది. ముందు ఎనిమిది ముక్కలు చేసింది. ఆరుతో కుదరాలి కదా అని ఇరవై నాలుగు చేసింది. చివరికి అందరూ దాన్ని చెంచాలతో తినాల్సొచ్చింది. కానీ గ్రేడీ మొహం వెలిగిపోయింది.

"పదమూడు బై ఇరవై నాలుగా?"

"మళ్ళీ చెప్పు" అంది మిసెస్ ఓస్లర్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. ఆవిడకి బాగానే వినబడింది. మళ్ళీ వినాలనిపించింది, అంతే.

పరీక్ష శనివారం పొద్దున, వాన్‌నైస్‌లో. గ్రేడీ టోపీ పెట్టుకుని, నల్లకళ్ళద్దాలు తగిలించుకుని వెళ్ళాడు. అర నిమిషంలో గుర్తుపట్టేశారు.

"మీకు ఈ పరీక్షేంటండీ?" అన్నాడు హాల్లో కాపలా ఉన్నాయన, నోరెళ్ళబెట్టి.

"ఊరికే. అనుభవం కోసం."

లెక్కల పేపరు మొదలైన పది నిమిషాలకి పక్క బల్ల మీది వెల్డరు ఇటు వంగాడు.

"గురూ, పదకొండోది ఎంత?"

"నాకూ తెలీదు."

"చెప్పకపోతే చెప్పనని చెప్పు. అబద్ధాలెందుకు?"

వెనక కూర్చున్న అమ్మాయి అప్పటికే మెడ సాచి అతని జవాబులు వరసగా ఎక్కించేసుకుంటోంది. గ్రేడీకి ఆమె మీద బోలెడు జాలేసింది. కాసేపటికి కాపలా ఆయన వచ్చి అతని బల్లని గోడవైపు తిప్పేశాడు.

ఐదు వారాలు గడిచాయి. శుక్రవారం సాయంత్రం, రికార్డింగ్ రోజు. బయట ప్రేక్షకులు సీట్లలో కూర్చుంటున్నారు. మిసెస్ ఓస్లర్ కవరు పట్టుకుని మేకప్ గదిలోకి వచ్చింది. గ్రేడీ దాన్ని నోరీన్ చేతిలో పెట్టేశాడు. నోరీనే చింపింది. చదివింది. కాగితం మడిచింది.

"కూర్చో, గ్రేడీ."

"నిలబడే వింటా. చెప్పు."

"లెక్కలు, డెబ్భై రెండు. అన్నిట్లోనూ పాసు."

ఆ తర్వాత జరిగిన గోలకి పౌడరు డబ్బాలు గాల్లోకి లేచాయి. తొమ్మిదిమందీ కలిసి అతన్ని భుజాలకెత్తబోయి సోఫా మీద పడేశారు. మిసెస్ ఓస్లర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"నేను ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నా నాయనా. ఇన్ని ముక్కలైన 'పై' మాత్రం చూళ్ళేదు" అంది.

గ్రేడీ నడవాలోకి పరిగెత్తి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. అవతల ముక్కు చీదిన చప్పుడు.

"సరేగానీ, మరి కాలేజీ సంగతేంటి?" అంది ఆవిడ.

అంతలో అసిస్టెంటు మేకప్ గది తలుపు కొట్టాడు. అంతా సెట్లోకి పరిగెత్తారు. లైట్లు వెలిగాయి.

మూడు వందలమంది చప్పట్ల మధ్య తొమ్మిదిమంది పిల్లలూ బెంచీల్లో సర్దుకున్నాక, నలభై ఏడేళ్ళ గ్రేడీ టోబిన్ కోటు గుండీ పెట్టుకుంటూ లోపలికొచ్చి, సుద్దముక్క అందుకుని నల్లబల్ల ముందు నిలబడి, "ఏం పిల్లలూ, హోంవర్క్ చేశారా?" అన్నాడు.