మళ్ళీ పదో రీలు

"బస్సు గంట లేటట అన్నయ్యా," అంది ఫోన్లో చెల్లెలు. "అయిదూ ముప్పావుకి గానీ కదలదట."

ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ గడియారం వైపు తిరిగాడు. మ్యాట్నీ అయిదుంపావుకే వదిలేస్తారు. బస్టాండు సరిగ్గా హాలుకి ఎదురుగానే ఉంది. సినిమా చూస్తున్న అక్క బయటికి అడుగు పెట్టగానే ఆవిడ కంటపడేది పెట్టె పట్టుకుని నిలబడ్డ చెల్లెలే.

"అక్క కూర్చునే ఉందా?"

ఆపరేటర్ గోడకున్న చిన్న కంతలోంచి కిందికి చూశాడు. నాలుగో వరుస చివర నల్లగళ్ళ శాలువా, తలమీంచి కప్పుకుని. ఎండలు మండుతున్నా అక్క ఆ శాలువా వదలదు. తోడుగా వచ్చిన పక్కింటి పిన్ని కుర్చీ మాత్రం ఇంటర్వెల్ నుంచీ ఖాళీగా ఉంది. ఆవిడకి పాత సినిమాలు పడవు కాబోలు.

"కదల్లేదు. నువ్వు ఆ స్తంభం చాటున ఉండు. మిగతాది నేను చూసుకుంటా."

"ఈసారి కూడా ఆగిపోతే ఇక నావల్ల కాదన్నయ్యా."

కిందటిసారి చెల్లెలికి ఉద్యోగం కాగితం రాగానే అక్కకి కళ్ళు తిరిగాయి. చేరాల్సిన గడువు దాటేదాకా తొమ్మిది రోజులు తిరుగుతూనే ఉన్నాయి. పదో రోజు లేచి, కడుపునిండా తిని, ఇంట్లో కిటికీలన్నీ కడిగింది. ఈసారి దూరపు ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు పని, రేపు పొద్దున్నే చేరాలి. చెల్లెలు ఒక్కసారి ఆ గడప దాటితే, ఏదో ఒకరోజు తనూ దాటగలనని ఆపరేటర్ ఆశ. నలభై దాటినా అతను ఏ చొక్కా తొడుక్కోవాలో అక్కే చెప్తుంది మరి.

తెరమీద పెద్దమ్మగారు కొడుకు పెట్టె సర్దుకోవడం చూసి, గుండె పట్టుకుని సోఫాలో ఒరిగింది. ఆ ఇల్లంతా ఆవిడ గుప్పిట్లో ఉంది. ఎవరు బయల్దేరినా ఆవిడకి గుండెనొప్పి. ఇలాంటి సినిమాకి అక్కని పిలవడం కొరివితో తల గోక్కోవడమే, కానీ ఈ వారం హాల్లో ఆడుతున్నది ఇదే.

ఇంకా నాలుగు రీళ్ళున్నాయి. ఎంత లాగినా అరగంట తక్కువ. ఆపరేటర్ అయిపోయిన పదో రీలుని గబగబా వెనక్కి చుట్టి, మళ్ళీ ఎక్కించాడు.

పెద్దమ్మగారు మళ్ళీ గుండె పట్టుకుంది. కింద ఎవరో ఈల వేశారు.

మూడోసారి ఎక్కించేటప్పటికి తొందరలో ఫిల్ము దారిలోంచి జారిపోయింది. తెర తెల్లబోయింది. అతను చెమట తుడుచుకుంటూ, గడియారం చూస్తూ, కంతలోంచి శాలువా చూస్తూ, మళ్ళీ గడియారం చూశాడు. అయిదయింది. నాలుగోసారి నడుస్తుంటే మేనేజరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమయ్యా, ఆవిడకి ఒకే గుండెపోటు ఎన్నిసార్లొస్తుంది? ముందు వరుస వాళ్ళు డైలాగులు ముందే చెప్పేస్తున్నారు."

"పాత ప్రింటు సార్. డబ్బాల మీద నంబర్లు చెరిగిపోయాయి."

"నీ తలరాత చెరిగిపోతుంది జాగ్రత్త. ఆ శాలువా ఆవిడే నయం, కిక్కురుమనకుండా చూస్తోంది."

అదే ఆపరేటర్‌కీ వింతగా ఉంది. కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే వీధి చివరిదాకా వినిపించేలా అడిగే మనిషి. పెద్దమ్మగారిలో తనని తాను చూసుకుని కరిగిపోతోందేమో అనుకున్నాడు. పాపం అనిపించింది కూడా. అక్క తాడిని తన్నే మనిషైతే, ఇవాళ తను ఆవిడ తలదన్నాడు.

పద్నాలుగో రీలు తిరుగుతుండగా, వెనక కిటికీలోంచి బస్సు కదలడం కనిపించింది. ఎండ పడి అద్దాలు మెరుస్తున్నాయి, మొహాలు తెలియడం లేదు. కిటికీలోంచి ఒక చెయ్యి మాత్రం హాలు వైపు గట్టిగా ఊగింది. ఆపరేటర్ కూడా ఊపాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తెరమీద అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మగారు ఖాళీ ఇంట్లో ఒక్కతే మిగిలింది. దీపాలు వెలిగాయి. జనం గొణుక్కుంటూ బయటికి పోయారు. శాలువా మాత్రం లేవలేదు. ఇక ఏదైనా పడదామని గుండె చిక్కబట్టుకుని ఆపరేటర్ కిందికి దిగాడు.

"అక్కా, ఇంటికెళ్దామా?"

శాలువా తొలగింది. లోపల పక్కింటి పిన్ని.

"వచ్చావా నాయనా. కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది."

"అక్క ఏది పిన్నిగారూ?"

"ఇంటర్వెల్లోనే వెళ్ళిపోయిందిగా. ఎన్నడూ పాసివ్వనివాడు ఇవాళ ఇచ్చాడంటే నాకామాత్రం తెలీదా అంది. బస్టాండుకి పోయి కనుక్కొచ్చి, బస్సు గంట లేటు, వీడు సినిమా కూడా లేటుగానే వదుల్తాడు, ఓపిక పట్టమని ఈ శాలువా కప్పి కూర్చోబెట్టింది. నేను కదిలితే పైన నువ్వు కంగారు పడతావట."

"అయితే చెల్లిని ఆపేసిందా?"

"ఆపడమెందుకు, తనూ ఆ బస్సుకే వెళ్ళింది. ఆడపిల్లని ఒంటరిగా పంపుతానా అంది. అక్కడ ముగ్గురికీ సరిపడా ఇల్లు చూస్తుందట." పిన్ని కొంగు ముడి విప్పి, మడిచిన కాగితం అతని చేతిలో పెట్టింది. "ఆదివారం బస్సుకి నీ టిక్కెట్టు. చొక్కాలు సర్ది పెట్టెలో పెట్టే వెళ్తానంది."

అతను పక్క కుర్చీలో కూలబడ్డాడు. పిన్ని శాలువా మడతపెట్టి అతని ఒళ్ళో ఉంచి, చెప్పులు వెతుక్కుంటూ అడిగింది.

"అన్నట్టు, కిటికీ పక్క సీటు మీ అక్కదేనట. హాలు వైపు చెయ్యి ఊపుతానంది. కనిపించిందా నాయనా?"