మోకాళ్ల నొప్పి

వాన కుండపోతగా కురుస్తున్నా ఇటలీలో బొలోన్యా ఊరి బురుజు ముందు టూరిస్టుల వరస తగ్గలేదు. డెబ్బై ఏళ్ల ఒర్నెల్లా తన మొగుడు నేవియో చెయ్యి పట్టుకుని ఆ వరసలో దూరింది. పొద్దున యూనివర్సిటీలో పట్టాతోపాటు పెట్టిన ఆకుల కిరీటం ఇంకా ఆమె తలమీదే ఉంది.

చదువుకుంటూ ఈ బురుజు ఎక్కినవాళ్లకి పట్టా రాదని ఊరి నమ్మకం. అందుకే ఆరేళ్లుగా ఆవిడ ఇటు రానేలేదు.

వాళ్ల వంతు వచ్చేసరికి నేవియో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వెళ్లిరా. నాకు మోకాళ్ల నొప్పి."

"పొద్దున నా పేరు పిలిస్తే అందరిముందూ గంతులేశావు. అప్పుడు లేదేం నొప్పి?"

"పైన మబ్బు తప్ప ఏం కనపడదే."

"ఆ మబ్బే చూద్దాం, నడు."

నేవియో చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నిన్న నేనూ యూనివర్సిటీలో చేరాను. నీ నోట్సులు పారెయ్యకు."